గణితం గదిలో ఏ వస్తువు ఎక్కడ ఉండాలి

మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గణిత బోధనోపకరణాలు లేవనడం కంటే, ఉన్నవి పాఠం వేళకు చేతికి అందవనడం సబబుగా ఉంటుంది. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు మొదలైనప్పటి నుంచి ఏదో ఒక పథకం కింద బడులకు సామగ్రి వస్తూనే ఉంది. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఒక్కో ఉపాధ్యాయునికి బోధనాభ్యసన సామగ్రి (టీఎల్ఎం) కోసం ఏటా 500 రూపాయల గ్రాంటు ఉండేది. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక పిల్లల సంఖ్యను బట్టి బడికంతటికీ కలిపి ఒకే గ్రాంటు ఇస్తున్నారు. వీటితో కొన్నవీ, బోధనోపకరణాల మేళాల కోసం ఉపాధ్యాయులు తయారు చేసినవీ, పిల్లలు ప్రాజెక్టుల పేరిట తెచ్చినవీ కలిస్తే, ఏ పాత బడి బీరువా తెరిచినా పైనుంచి మీద పడేటంత సామాను ఉంటుంది. అయినా సంవత్సరమంతా తరగతిలో పిల్లవానికి కనిపించేది సుద్దముక్కా నల్లబల్లే.

నేను వరంగల్‌కు అట్టే దూరం లేని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. పిల్లల సంఖ్య తగ్గి ఒక గది ఖాళీ పడినందున, దానిని గణితం గదిగా వాడుకోవడానికి ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. ఆ గదిని సర్దే పనిలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: ఒక వస్తువును ఎక్కడ పెట్టాలన్నది దాని పరిమాణాన్నో, విలువనో, అందాన్నో బట్టి నిర్ణయించకూడదు, పీరియడ్ మధ్యలో దానిని తీసి పంచడానికీ, గంట కొట్టేలోపు తిరిగి చేర్చడానికీ ఎంత సమయం పడుతుందో చూసి నిర్ణయించాలి. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో హాజరు, నిన్నటి పాఠం, ఇంటి లెక్కల పరిశీలన పోగా కృత్యానికి మిగిలేది పాతిక నిమిషాలు. అందులో పది నిమిషాలు డబ్బాలు వెతకడానికీ లెక్కపెట్టుకోవడానికీ పోతే, ఎంత ఉత్సాహం ఉన్న ఉపాధ్యాయుడైనా మూడోసారికి ఆ డబ్బా జోలికి పోడు.

మొదటి ప్రశ్న వర్గీకరణ. చాలా బడుల్లో 6, 7, 8, 9, 10 అని తరగతుల వారీగా అరలు కేటాయిస్తారు. చూడటానికి చక్కగానే ఉంటుంది గాని, గణిత పాఠ్యక్రమం అలా విడివిడిగా నడవదు. ఘనాకృతులు చిన్న తరగతుల్లో గుర్తించడానికి కావాలి, 9, 10 తరగతుల్లో ఘనపరిమాణానికి కావాలి. మేకులకు రబ్బరు బ్యాండ్లు తగిలించి ఆకారాలు చూపే జియోబోర్డు ఆరో తరగతి చుట్టుకొలతకూ పనికొస్తుంది, పదో తరగతి నిరూపక జ్యామితికీ పనికొస్తుంది. తరగతుల వారీగా పెడితే ఒకే వస్తువును ఏ అరలో పెట్టాలో తెలియక, చివరికి అది ఎవరు ఆఖరున వాడితే వారి అరలో తేలుతుంది. అందువల్ల సంఖ్యలు, బీజగణితం, జ్యామితి, క్షేత్రమితి, సాంఖ్యకశాస్త్రం-సంభావ్యత అనే అయిదు భాగాలు చేసుకుని, ఒక్కోదానికి ఒక్కో రంగు టేపు అంటించాము. ఆకుపచ్చ టేపు ఉన్న డబ్బా ఆకుపచ్చ అరలోకే పోతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలూ ఇంగ్లిషు మాధ్యమం పిల్లలూ కలిసి కూర్చునే గదిలో పేర్ల చీటీలకంటే రంగు త్వరగా పనిచేస్తోంది. పేర్లు రాయవలసిన చోట మాత్రం రెండు భాషల్లోనూ రాసి, పక్కన వస్తువు బొమ్మ గీయించాను.

రెండవది తాళం. బీరువా తాళంచెవి ఆఫీసు గదిలో గోడకు వేలాడుతుంటే, ఆ బీరువాలోని సామాను బడిలో లేనట్టే లెక్క. ఇది ఎవరి తప్పూ అనలేము. స్టాక్ రిజిస్టరులో ఎక్కిన ప్రతి వస్తువుకూ ఎవరో ఒకరు జవాబుదారీ కనుక, పోతుందన్న భయంతో తాళం వేయడం సహజం. మేము చేసిందల్లా సామానును రెండుగా విడదీయడమే. ఖరీదైనవి, మళ్ళీ దొరకనివి, అంటే పెద్ద అక్రిలిక్ ఘనాకృతుల సెట్టు, ముప్పై మీటర్ల టేపు, తక్కెడ వంటివి ఇనుప బీరువాలో తాళం కింద ఉన్నాయి. మిగిలినవన్నీ నట్లు, బోల్టులతో బిగించే ఇనుప ర్యాకుల మీద తలుపుల్లేకుండా ఉన్నాయి. ర్యాకు ఎత్తు విషయంలో కొలమానం ఆరో తరగతిలో అందరికంటే పొట్టి పిల్ల: ఆమె చేయి చాపి అందుకోలేని అరలో రోజువారీ వస్తువు ఏదీ ఉండదు. ఆపై అరలు సంవత్సరానికి ఒకటి రెండుసార్లు తీసే వాటికి పోయాయి. బరువైనవన్నీ కింద ఉంటాయి.

జ్యామితి పరికరాలకు డబ్బా అక్కరలేదు. బోర్డు మీద వాడే పెద్ద చెక్క వృత్తలేఖిని, కోణమానిని, మూలమట్టాలు, మీటరు స్కేలు గోడకు కొట్టిన ప్లైవుడ్ చెక్క మీద మేకులకు వేలాడతాయి. ఒక్కో పరికరం వెనుక దాని ఆకారాన్నే నల్లరంగుతో గీయించడంతో, ఏది లోపించినా గదిలోకి అడుగుపెట్టగానే నల్లటి ఖాళీ కనిపిస్తుంది. పెద్ద వృత్తలేఖినికి సుద్దముక్కను పట్టి ఉంచే మర చిన్నది. వదులైతే ఊడిపోయి, అది దొరకక పరికరం మొత్తం మూలకు చేరుతుంది. దానికి సరిపడే మరలు నాలుగు ఎక్కువ కొని ఒక చిన్న సీసాలో వేసి అదే చెక్కకు వేలాడదీశాము. పిల్లలు వాడే పరికరాల సంగతి వేరు. కంపాస్ పెట్టె తెచ్చుకోని పిల్లలకు ఇవ్వడానికి కొన్ని ఉంచాలి గాని, మరీ ఎక్కువ ఉంచితే తెచ్చుకునేవారూ మానేస్తారు.

బీజగణిత సమాసాలను ముక్కలుగా పేర్చి చూపే బీజీయ పలకల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న చిన్న ముక్కలు ఎక్కువగా ఉండే సామానులో అన్నిటికంటే త్వరగా పాడయ్యేది ఇదే. x భుజంగా గల చతురస్రాలు, x పొడవూ 1 వెడల్పూ గల పట్టీలు, 1 భుజంగా గల చిన్న చతురస్రాలు ఇందులో ఉంటాయి. మేము వరంగల్ చౌరస్తాలో ఫోమ్ షీట్లు కొని కత్తిరించుకున్నాము. x ను 5 సెంటీమీటర్లు, ఒకట్లను 1.5 సెంటీమీటర్లు తీసుకున్నాము. ఒకట్లను 1 సెంటీమీటరు చేస్తే పట్టీ పక్కన సరిగ్గా అయిదు ముక్కలు పట్టి, x అంటే 5 అని పిల్లలు తేల్చేస్తారు; 1.5 అయితే ఎన్ని పేర్చినా సరిగ్గా కుదరవు కనుక x విలువ తెలియనిదిగానే ఉంటుంది.

మొదట ప్రతి సెట్టునూ జిప్ సంచిలో వేసి, లోపల ఎన్ని ఉన్నాయో చీటీ రాసి పెట్టాము. చివరి మూడు నిమిషాల్లో పాతిక ముక్కలను లెక్కపెట్టే ఓపిక ఏ జట్టుకూ ఉండదు. దానికి పరిష్కారం గణితంలోనే దొరికింది. ఒక్కో సెట్టులో 6 పెద్ద చతురస్రాలు, 13 పట్టీలు, 6 చిన్న చతురస్రాలు ఉంచాము; అంటే 6x² + 13x + 6. మధ్యపదాన్ని 4x, 9x గా విడగొడితే ఇది (2x + 3)(3x + 2) అవుతుంది. కాబట్టి ఈ ముక్కలన్నీ కలిపి 14.5 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు గల దీర్ఘచతురస్రంగా ఖాళీ లేకుండా అమరుతాయి. ఆ కొలతకు కొద్దిగా వదులుగా అట్టతో పళ్ళేలు చేయించాము. పిల్లలు ముక్కలను పళ్ళెంలో పేర్చి తేవాలి. ఒక్క ముక్క తగ్గినా అక్కడ గుంట కనిపిస్తుంది, ఏ ముక్క తగ్గిందో కూడా గుంట ఆకారమే చెబుతుంది. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి పళ్ళెం చూపించి "సార్, మా దాంట్ల ఒక పట్టీ తక్కువున్నది, పన్నెండు x లే ఉన్నయి" అన్నది. ముక్క కోసం బల్లల కింద వెతుకుతుండగానే పక్క జట్టు పిల్లవాడు 6x² + 12x + 6 అయితే వేరే ఆకారంలో సరిపోతుంది కదా అని ఊహించి, అవే ముక్కలను (2x + 2)(3x + 3) గా పేర్చి చూపించాడు. పట్టీ ఆ తరువాత కిటికీ దగ్గర దొరికింది గాని, ఆ రోజు పాఠం అదే అయింది. అప్పటి నుంచి సర్దే సమయాన్ని నేను పాఠం నుంచి మినహాయించి చూడటం లేదు.

జియోబోర్డులకు సమస్య బోర్డుతో కాదు, రబ్బరు బ్యాండ్లతో. అయిదు వరుసల్లో అయిదేసి మేకులు కొట్టిన చెక్క ఎన్నేళ్ళైనా ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలకు రబ్బరు మాత్రం జిగటగా మారి, ఒకదానికొకటి అంటుకుని, జూన్‌లో తీస్తే పొడిగా తెగిపోతుంది. వాటిని కిటికీకి దూరంగా, మూత గట్టిగా పట్టే డబ్బాలో, కొద్దిగా టాల్కం పౌడరు చల్లి ఉంచితే కొంతకాలం నిలుస్తాయి. జుట్టుకు పెట్టుకునే గుడ్డ తొడుగు రబ్బర్లు ఇంకా మన్నికైనవని మా అమ్మాయిలు చెప్పగా వాటికే మారాము. బోర్డులను నిలువుగా, పుస్తకాల్లా పెట్టాలి. పేర్చితే మేకులు పై బోర్డు అడుగును గీకుతాయి. బోర్డు మీద మేకులను బిందువులుగా తీసుకుని బహుభుజి వైశాల్యం కనుక్కోవడానికి 1899లో జార్జ్ పిక్ ప్రచురించిన సూత్రం, అంటే లోపలి బిందువుల సంఖ్యకు హద్దు మీది బిందువుల్లో సగం కలిపి ఒకటి తీసివేయడం, ఒక అట్టముక్క మీద రాసి అదే అరలో పెట్టాను. పుస్తకంలో లేకపోయినా, పని త్వరగా ముగించిన జట్టుకు అదే తరువాతి పని. ఇటువంటి అదనపు పని చీటీని ప్రతి డబ్బాలోనూ ఒకటి ఉంచడం మంచి అలవాటు.

క్షేత్రమితి అరలో ఘనాకృతులతోపాటు వాటిలో పోసేది ఏమిటన్నది ఆలోచించవలసిన విషయం. ఒకే వ్యాసార్థం, వ్యాసార్థమంత ఎత్తు ఉన్న శంకువు, అర్ధగోళం, స్తూపం ఘనపరిమాణాలు 1:2:3 నిష్పత్తిలో ఉంటాయని చూపడానికి నీళ్ళు పోస్తే అతుకుల దగ్గర కారుతాయి. బియ్యమో జొన్నలో పోస్తే రాత్రికి ఎలుకలు వస్తాయి. జల్లెడ పట్టిన సన్నటి ఇసుకే మేలు, కాని అది అక్రిలిక్‌ను గీకి మసకబరుస్తుంది కాబట్టి పోసి చూపడానికి చవకైన రేకు పాత్రల సెట్టు వేరుగా చేయించాము. ఇసుక డబ్బా, గరాటు, పరచడానికి ఒక పాత ఫ్లెక్సీ ముక్క, ఈ మూడూ ఒకే ప్లాస్టిక్ టబ్బులో ఉంటాయి. కలిసి వాడేవి కలిసి ఉండాలి.

సంభావ్యతకు కావలసిన పాచికలు, రంగు పూసలు, నాణేలు ఒక స్టీలు పోపుల పెట్టెలో సర్దుకున్నాయి. పేకలు మాత్రం విడిగా ఉన్నాయి. తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు వరుసల్లో పదమూడేసి పేర్చి చూపాలి. బడిలోకి పేక ముక్కలేమిటని ఒకరిద్దరు తల్లిదండ్రులు అడిగారు, పదో తరగతి పుస్తకంలో ఆ లెక్కలు చూపించాక నవ్వి ఊరుకున్నారు.

చార్టుల విషయంలో నా మాట కొందరికి రుచించకపోవచ్చు. పాఠ్యపుస్తకంలో ఉన్న సూత్రాల పట్టికనే పెద్ద అక్షరాలతో తిరిగి రాసిన చార్టుకు గోడ మీద చోటు దండగ. గోడమీద ప్రస్తుతం నడుస్తున్న అధ్యాయానికి సంబంధించినవే, రెండు మూడే ఉండాలి. ఏడాదంతా వేలాడే చార్టును రెండో నెల నుంచి ఎవరూ చూడరు, దాని మీద ఎండ పడి ఎరుపు, పసుపు రంగులు వెలిసిపోతాయి. పదో తరగతి గణితంలోని 14 అధ్యాయాల చార్టులనూ చుట్టి ఒకే మూల నిలబెడితే కావలసినది దొరకడానికి అన్నింటినీ విప్పాలి. చుట్టినవి విప్పగానే మళ్ళీ చుట్టుకుపోతాయి కూడా. ప్యాంట్లు తగిలించే క్లిప్పు హ్యాంగర్లకు చార్టులను పట్టించి, గోడ నుంచి గోడకు వేసిన జీఐ పైపు మీద వరుసగా తగిలించాము. పుస్తకం పుటలు తిప్పినట్టు తిప్పి తీసుకోవచ్చు. మరీ పెద్ద వాటిని పీవీసీ పైపు ముక్కల్లో పెట్టి, పైపు మూతి మీద పేరు రాశాము.

నేల మీద కూర్చుని చేసే కృత్యాలకు కొత్తవాడలో నేసిన జంపఖానాలు రెండు ఉన్నాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి అంచుల్లోని త్రిభుజాలు, వజ్రాకారాలు సౌష్ఠవ రేఖల పాఠానికి ఏ చార్టుకూ తీసిపోవు. అందుకే వాటిని పరుపుల సామానులో వేయకుండా జ్యామితి అర పక్కన చుట్టి పెట్టాము.

గది లేని ఉపాధ్యాయులే ఎక్కువని నాకు తెలుసు. పిల్లలు కూర్చున్న చోటే ఉండి మనం గది గదికీ తిరిగే పద్ధతిలో, సామాను నడవగలగాలి. కూరగాయల ప్లాస్టిక్ క్రేటు ఒకటి తీసుకుని, ఆ వారం నడిచే అధ్యాయానికి కావలసినవి మాత్రమే అందులో వేసి, సోమవారం పొద్దున మార్చుకోవడం నా స్నేహితుడొకరు పాటించే విధానం. క్రేటును మోసే బాధ్యత తరగతిలో వారానికొకరిది. గది ఉన్నా ఈ పద్ధతి పనికొస్తుంది. త్రికోణమితి అనువర్తనాలకు పిల్లలను బయటికి తీసుకుపోయి వాటర్ ట్యాంకు ఎత్తు కొలిపించే రోజున వంపు కోణమాపకాలు (స్ట్రా గుండా చూసి, వేలాడే దారాన్ని బట్టి కోణం చదివే క్లైనోమీటర్లు), టేపు, పరీక్ష అట్టలు అన్నీ ఆ క్రేటులోనే పోతాయి. కోణమాపకాల దారాలు చిక్కుపడకుండా ఒక్కోదాని దారాన్ని దాని స్ట్రా చుట్టూ చుట్టి, బరువుకు కట్టిన నట్టును స్ట్రాలో దూర్చి పెట్టాలి. విడిగా వదిలేస్తే పది కోణమాపకాల చిక్కు విప్పడానికే పీరియడ్ చాలదు.

నోటు పుస్తకాలు, జవాబు పత్రాలు ఈ గదిలో ఉంచకూడదు. అవి ఒకసారి చేరితే ర్యాకులన్నీ వాటివే అవుతాయి.

మన ప్రాంతంలో వానాకాలాన్నీ ఎండాకాలాన్నీ దృష్టిలో పెట్టుకోకుండా ఏ సర్దుబాటూ నిలవదు. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్ళు వచ్చిన సంగతి ఇక్కడి వారెవరూ మరిచిపోలేదు. ర్యాకు కాళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి, అన్నిటికంటే కింది అరలో తడిసినా పాడు కాని ప్లాస్టిక్, లోహపు వస్తువులనే ఉంచాము. కాగితం, అట్ట నడుము ఎత్తుకు పైనే. చెదలు గోడ వెంట వస్తాయి కాబట్టి ర్యాకు గోడకు జానెడు ఎడంగా ఉంటే వాటి మట్టి దారి కంటికి కనబడుతుంది. కలరా ఉండలు వేసేవారు థర్మోకోల్ నమూనాలకు దూరంగా వేయాలి. వాటి ఆవిరికి థర్మోకోల్, కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడి అంటుకుంటాయి.

థర్మోకోల్ మాట వచ్చింది కనుక పారేయడం గురించి కూడా చెప్పాలి. సర్దడంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. మేళాలో బహుమతి వచ్చిన నమూనా అని, ఫలానా బ్యాచి పిల్లలు చేసినదని, అంచులు రాలిన థర్మోకోల్ ఇళ్ళూ, వెలగని బల్బుల పైథాగరస్ బోర్డులూ ఏళ్ళ తరబడి పై అరలను ఆక్రమించుకుంటాయి. వరుసగా రెండు విద్యా సంవత్సరాలు ఏ తరగతిలోనూ బయటికి రాని వస్తువును ఏప్రిల్‌లో బల్ల మీద పెట్టి, గణితం ఉపాధ్యాయులందరమూ చూసి, వాడేవారు ఎవరూ లేకపోతే ఫొటో తీసుకుని తీసేస్తాము. రిజిస్టరులో ఎక్కినదైతే ఆ పని మన చేతిలో ఉండదు; పనికిరాని వాటి జాబితా రాసి ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, అనుమతి వచ్చేదాకా వేరే చోట ఉంచాలి. పిల్లలు సొంతంగా చేసినవి రిజిస్టరులో ఎక్కవు గనుక, చేసినవారికి తిరిగి ఇచ్చేయడమే న్యాయం.

ఇదంతా చేసినవాడు బదిలీ మీద వెళ్ళిపోతే ఏమవుతుందన్నది మా స్టాఫ్ రూములో తరచూ వచ్చే ప్రశ్న. అందుకే బీరువా తలుపు లోపలి వైపు ఒకే ఒక్క కాగితాన్ని అంటించాము. ఏ రంగు ఏ భాగానిదో, ప్రతి పళ్ళెంలో ఎన్ని ముక్కలో, రబ్బర్లు, ఫోమ్ షీట్లు ఏ దుకాణంలో కొన్నామో, వృత్తలేఖిని మర కొలత ఎంతో అందులో ఉన్నాయి. కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు మార్చదలచుకుంటే పెన్సిలుతో కొట్టివేసి రాసుకోవడానికి కుడివైపు సగం కాగితం ఖాళీగా వదిలాము.